మీ ప్రశ్న – మా జవాబు: డిస్క్ నిండింది సరే, నింపింది ఎక్కడుంది?

ఈసారి ఎక్కువ ఉత్తరాలు ఇంట్లో లైనక్స్ స్టోరేజ్ సర్వర్ పెట్టుకున్నవాళ్ళ నుంచే వచ్చాయి, తిప్పి తిప్పి అందరిదీ ఒకటే బాధ, సిస్టమ్ డిస్క్ నిండిపోయింది ఏం చెయ్యాలి అని. అందుకే మిగతావి పక్కనపెట్టి ఇవే తీసుకున్నా. కమాండ్లు నోటితో చెప్పినట్టు తెలుగులోనే రాస్తున్నా, మీరు టెర్మినల్లో కొట్టేటప్పుడు ఇంగ్లిషు చిన్నక్షరాల్లో కొట్టుకోండి, పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తా.

ప్రశ్న: నమస్తే అండీ. పాత కంప్యూటర్ మీద డెబియన్ లైనక్స్ వేసి నాస్ (ఇంట్లో అందరూ వాడే స్టోరేజ్ సర్వర్) లాగా వాడుకుంటున్నా. సిస్టమ్‌కి 32 జీబీ ఎస్‌ఎస్‌డీ, డేటాకి 4 టీబీ డిస్కులు రెండు, ఒకదాంట్లో ఇంట్లోవాళ్ళందరి ఫోటోలు, రెండోదాంట్లో వాటి బ్యాకప్, అది ఆదివారం రాత్రి నడుస్తుంది. నాలుగు రోజుల నుంచి వెబ్ పేజీలో పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా ఎర్రర్ కూడా చూపించకుండా మళ్ళీ లాగిన్ పేజీకే తెచ్చి పడేస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీద టెర్మినల్ తెరిచి) రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా వెళ్ళి డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే భాగం) 100 శాతం నిండింది అంది. ఏం తిన్నదో చూద్దామని డీయూ (ఫోల్డర్ల సైజు చెప్పే కమాండ్) కొడితే అన్నీ కలిపినా 9 జీబీ దాటట్లేదు. మిగతా 19 జీబీ ఎటు పోయినట్టు? ఇంకో మాట, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు, పోయిన నెల ఫోటోల డిస్క్ కేబుల్ లూజై రెండ్రోజులు డిస్క్ కనపడలేదు, తర్వాత బిగించేశా. ఆ రెండ్రోజుల ఫోటోలు, వీడియోలు మాత్రం సర్వర్లో లేవు, అప్‌లోడ్ అయిపోయాయని ఫోన్ చూపిస్తే ఫోన్లోంచి తీసేశాం కూడా. మా ఫ్రెండ్ ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకో అంటున్నాడు. చేసెయ్యమంటారా?

జవాబు: వద్దండీ, దయచేసి ఫార్మాట్ మాత్రం చెయ్యొద్దు. మీరు సంబంధం ఉందో లేదో అంటూ చివర్లో రాసిన ముక్కే ఈ మొత్తం ఉత్తరంలో అసలు విషయం. కనపడకుండా పోయిన ఫోటోలు, లెక్క తేలని 19 జీబీ, రెండూ ఒకటే అని నాకు గట్టిగా అనిపిస్తోంది, అదే నిజమైతే వాటికున్న ఒకే ఒక్క కాపీ ఇప్పుడు ఆ నిండిపోయిన ఎస్‌ఎస్‌డీలోనే ఉంది. ఫార్మాట్ కొడితే అదీ పోతుంది.

ముందు లాగిన్ సంగతి చెప్తా. మీ పాస్‌వర్డ్‌లో తప్పేం లేదు. వెబ్ పేజీలో లాగిన్ అయిన ప్రతిసారీ సర్వర్ ఒక చిన్న సెషన్ ఫైల్ రాసుకుంటుంది, డిస్క్‌లో చోటు లేకపోతే ఆ ఫైల్ రాయలేదు, ఫైల్ లేకపోతే మీరెవరో తర్వాతి పేజీకి గుర్తుండదు, అందుకే తిప్పి మళ్ళీ లాగిన్‌కే పంపిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో రూట్‌గా వెళ్ళినప్పుడు చిన్న చిన్న పనులు జరుగుతున్నాయంటే దానికి కారణం, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళని అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టి ఉంచుతుంది, మీ డిస్క్‌లో అది ఒకటిన్నర జీబీ దాకా ఉంటుంది. డీఎఫ్‌లో వాడింది, ఖాళీ కలిపితే మొత్తానికి సరిపోకపోవడం కూడా దీనివల్లే, కంగారు పడకండి.

ఊపిరి తీసుకోవడానికి కొంచెం చోటు కావాలి కాబట్టి ముందు ఏ నష్టమూ లేని రెండు పనులు చెయ్యండి. ఏపీటీ క్లీన్ కొడితే ఎప్పుడో డౌన్‌లోడ్ అయి పడున్న ప్యాకేజీ ఫైళ్ళు పోతాయి. జర్నల్‌సీటీఎల్ డబుల్ మైనస్ వాక్యూమ్ మైనస్ సైజ్ ఈక్వల్ టు 100, పక్కనే పెద్ద ఎమ్, ఇది కొడితే పాత లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే చిట్టాలు) 100 ఎంబీకి కుదించుకుంటాయి. జర్నల్ (ఆ లాగ్‌లు ఉండే చోటు) తనంతట తాను డిస్క్‌లో 10 శాతం దాకా పెరుగుతుంది, 4 జీబీ దాటదు, అంటే మీ దగ్గర 3 జీబీ దాకా అదే తినుండొచ్చు. దీంతో వెబ్ పేజీ తెరుచుకోవాలి. కానీ ఇక్కడితో ఆగిపోకండి, చాలామంది ఇక్కడే ఆగిపోయి నెల తిరిగేసరికి మళ్ళీ ఉత్తరం రాస్తారు.

ఇప్పుడు అసలు లెక్క. డీఎఫ్‌కి, డీయూకి అంత తేడా ఎందుకొచ్చింది? డీఎఫ్ నేరుగా ఫైల్ సిస్టమ్‌ని అడుగుతుంది, ఎన్ని బ్లాకులు వాడేశావు అని. డీయూ అలా కాదు, ఫోల్డర్ ఫోల్డరూ తిరిగి కంటికి కనపడ్డ ఫైళ్ళని కూడుతుంది. కాబట్టి కంటికి కనపడనివి ఏవో డిస్క్‌లో ఉన్నాయన్నమాట. అలా ఉండటానికి మామూలుగా రెండే దారులు. ఒకటి, డిలీట్ చేసిన ఫైల్‌ని ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉండటం, పేరు పోతుంది గానీ అది వదిలేదాకా చోటు తిరిగి రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ పెద్ద ఎల్ 1 అని కొడితే అలాంటివి బయటపడతాయి, ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది. రెండోది మౌంట్ (డిస్క్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించడం) కింద దాగి ఉండటం, మీది ఇదే అనుకుంటున్నా.

ఫోటోల డిస్క్ మౌంట్ అయ్యే ఫోల్డర్ ఉంటుంది కదా, అది నిజానికి ఎస్‌ఎస్‌డీలో ఉన్న ఒక ఖాళీ ఫోల్డర్. డిస్క్ మౌంట్ అయినప్పుడు దాని మీద పరుచుకుంటుంది, కింద చాప ఉన్నా పైన దుప్పటి వేస్తే దుప్పటే కనపడినట్టు. కేబుల్ లూజైన ఆ రెండ్రోజులూ దుప్పటి లేదు. కానీ ఫోల్డర్ పేరు అదే, షేర్ అదే, ఫోన్లకి ఏమీ తెలీదు, అవి మామూలుగానే పంపించాయి, సర్వర్ మామూలుగానే తీసుకుంది, తీసుకెళ్ళి ఎస్‌ఎస్‌డీలో పెట్టింది. తర్వాత మీరు కేబుల్ బిగించగానే డిస్క్ వచ్చి మళ్ళీ పైన పరుచుకుంది, కిందవి కనపడటం మానేశాయి. ఎస్‌ఎస్‌డీ అప్పటికే నిండటానికి దగ్గరకొచ్చింది, ఈ నెలలో వచ్చిన లాగ్‌లు, అప్‌డేట్లు మిగిలిన కాస్త చోటూ తినేశాయి.

చూడటానికి డిస్క్ ఊడదియ్యక్కర్లేదు. స్లాష్ ఎంఎన్‌టీ కింద అడుగు అని ఒక ఫోల్డర్ చెయ్యండి, తర్వాత మౌంట్, డబుల్ మైనస్ బైండ్, స్లాష్, ఆ అడుగు ఫోల్డర్ దారి, ఈ వరసలో కొట్టండి. ఆర్‌బైండ్ కాదు, ఉత్త బైండ్, ఆర్‌బైండ్ అంటే పైన పరిచిన డిస్కులు కూడా వచ్చేసి ఉపయోగం ఉండదు. ఇప్పుడు అడుగు ఫోల్డర్లో మీ రూట్ డిస్క్ ఏ దుప్పటీ లేకుండా కనపడుతుంది. డీయూ మైనస్ ఎక్స్‌హెచ్ డబుల్ మైనస్ మ్యాక్స్ మైనస్ డెప్త్ ఈక్వల్ టు 1 అని దానిమీద కొడుతూ, పెద్దగా కనపడ్డ ఫోల్డర్‌లోకి దిగుతూ వెళ్ళండి, ఫోటోల దారిలో 19 జీబీ దొరుకుతుందనే నా నమ్మకం.

దొరికాక తుడిచెయ్యొద్దు, తరలించండి. ఆర్‌సింక్ మైనస్ ఏవీఎన్ డబుల్ మైనస్ ఇగ్నోర్ మైనస్ ఎగ్జిస్టింగ్ పెట్టి, అడుగు వైపు దారి ముందు, అసలు ఫోటోల దారి తర్వాత ఇవ్వండి, రెండు దారుల చివరా స్లాష్ ఉండాలి. ఎన్ అంటే ఉత్తుత్తి పరుగు, ఏమేం కాపీ చేస్తుందో చెప్తుంది గానీ చెయ్యదు. లిస్ట్ బాగానే ఉందనిపిస్తే ఎన్ తీసేసి మళ్ళీ కొట్టండి. అయిపోయాక ఇగ్నోర్ ముక్క తీసేసి మైనస్ ఏవీఎన్‌సీ తో ఇంకోసారి, సీ పెడితే ఫైళ్ళ లోపల ఉన్నది కూడా పోల్చి చూస్తుంది, ఫైల్ పేర్లేవీ రాకపోతే అన్నీ చేరినట్టే. ఒకవేళ ఏదైనా పేరు వస్తే అదే పేరుతో అక్కడ వేరే ఫైల్ ఉందన్నమాట, దాన్ని చేత్తో పేరు మార్చి కాపీ చేసుకోండి. ఫోటోలు తెరిచి కూడా చూసుకోండి, ఇంట్లోవాళ్ళకి చూపించండి. ఆ తర్వాతే అడుగు దారిలోవి డిలీట్ చెయ్యండి, ఎంటర్ కొట్టేముందు దారి స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ అడుగు తోనే మొదలయ్యిందా అని రెండుసార్లు చదవండి, ఎందుకంటే ఆ ముక్క మర్చిపోతే పోయేది అసలు ఫోటోల డిస్క్. చివర్లో యూమౌంట్ చేసెయ్యండి.

ఇది రాస్తుంటే నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ రెండ్రోజుల్లో ఆదివారం పడి ఉంటే? మీ బ్యాకప్ స్క్రిప్ట్‌లో డబుల్ మైనస్ డిలీట్ ఉందేమో ఇప్పుడే చూడండి. ఉంటే, ఫోటోల ఫోల్డర్ దాదాపు ఖాళీగా ఉన్న రోజున అది నడిస్తే, ఇక్కడ లేవు కాబట్టి అక్కడా వద్దనుకుని బ్యాకప్ మొత్తం ఊడ్చేస్తుంది. స్క్రిప్ట్ మొదట్లోనే మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ అని ఫోటోల దారితో ఒకటి, బ్యాకప్ దారితో ఒకటి పెట్టి, రెండిట్లో ఏ డిస్క్ లేకపోయినా అక్కడితో ఆగిపోయేలా రాసుకోండి. ఒకసారి షేర్లు ఆపి, డిస్కులు అన్‌మౌంట్ చేసి, కింద మిగిలిన ఖాళీ ఫోల్డర్ల మీద సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ కూడా కొట్టండి, అప్పుడు డిస్క్ లేని రోజున రూట్ కూడా అక్కడ ఏమీ రాయలేదు, ఫోన్లో అప్‌లోడ్ ఫెయిల్ అని వస్తుంది, మీకు అప్పుడే తెలిసిపోతుంది. డిస్క్ మౌంట్ అవ్వడానికి మాత్రం ఇది అడ్డు రాదు.

అప్‌డేట్ మధ్యలో డిస్క్ నిండి ఆగిపోయి ఉంటే చోటు వచ్చాక డీపీకేజీ డబుల్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ కొట్టండి, సగంలో ఉన్నవి పూర్తవుతాయి.

ప్రశ్న: సార్, నా సర్వర్లో వార్ లిబ్ డాకర్ ఫోల్డర్ (డాకర్ అంటే యాప్‌లని కంటైనర్లు అనే విడి విడి డబ్బాల్లో నడిపే ప్రోగ్రామ్) ఒక్కటే 40 జీబీ చూపిస్తోంది, లోపల ఓవర్‌లే2 అనే ఫోల్డర్ పెద్దది. అది ఖాళీ చేస్తే సరిపోతుందా? జెల్లీఫిన్ (వీడియోలు చూసే సర్వర్ యాప్), ఫోటోల యాప్, ఇంకో నాలుగు కంటైనర్లు నడుస్తున్నాయి. ఏం కాదులే అక్కా అని మా తమ్ముడు అంటున్నాడు గానీ నాకు ధైర్యం చాలట్లేదు.

జవాబు: మీ ధైర్యం చాలకపోవడమే మంచిదైందమ్మా, ఓవర్‌లే2 ని చేత్తో ముట్టుకోకండి. మీ కంటైనర్లన్నిటి పొరలూ అందులోనే ఉంటాయి, డాకర్‌కి చెప్పకుండా తీస్తే దాని లెక్కలు తప్పిపోయి ఏదీ లేవదు. పైగా నడుస్తున్న కంటైనర్ల పొరలు అక్కడే మళ్ళీ మౌంట్ అయి ఉంటాయి, డీయూకి మైనస్ ఎక్స్ పెట్టకపోతే ఒకే ఫైల్‌ని రెండుసార్లు కూడుతుంది, మీ 40 లో కొంత అలా పెరిగిందే అయ్యుండొచ్చు. డాకర్ సిస్టమ్ డీఎఫ్ అని కొట్టండి, ఇమేజ్‌లు (కంటైనర్ తయారయ్యే మూసలు) ఎంత, వాల్యూమ్‌లు (యాప్‌ల డేటా దాచే చోట్లు) ఎంత, అందులో తీసెయ్యదగ్గది ఎంత అని అదే చెప్తుంది. డాకర్ ఇమేజ్ ప్రూన్ మైనస్ ఏ కొడితే ఏ కంటైనరూ వాడని పాత ఇమేజ్‌లు పోతాయి, అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాతది అలాగే ఉండిపోతుంది కాబట్టి ఇక్కడే చాలా చోటు దొరుకుతుంది. వాల్యూమ్‌ల ప్రూన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, మీ ఫోటోల యాప్ డేటాబేస్ వాల్యూమ్‌లో ఉండి, ఆ కంటైనర్ ఆ టైంకి తీసేసి ఉంటే అది కూడా పోవచ్చు.

ఆ లెక్కలో కనపడనిది ఇంకోటుంది, కంటైనర్ లాగ్‌లు. మామూలు సెట్టింగ్‌లో వాటికి హద్దు లేదు, ఏదైనా కంటైనర్ క్షణానికోసారి ఎర్రర్ అరుస్తూ ఉంటే ఆ లాగ్ ఉండే ఒక్క జేసన్ ఫైలే పది జీబీలు దాటిపోతుంది. అలాంటిది కనపడితే ఫైల్ డిలీట్ చెయ్యకండి, పైన చెప్పినట్టు డాకర్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటుంది కాబట్టి చోటు రాదు, ట్రంకేట్ మైనస్ ఎస్ 0 తో సైజు సున్నా చెయ్యండి. తర్వాత ఈటీసీ డాకర్ కింద డీమన్ డాట్ జేసన్‌లో మ్యాక్స్ సైజ్ 10ఎం, మ్యాక్స్ ఫైల్ 3 అని పెట్టి డాకర్ రీస్టార్ట్ చేసి, కంటైనర్లని తీసేసి కొత్తగా సృష్టించుకోండి, పాతవాటికి ఈ హద్దు వర్తించదు. ఆ అరుస్తున్న ఎర్రర్ ఏంటో కూడా చదవండి.

జెల్లీఫిన్ వీడియో మార్చేటప్పుడు రాసే తాత్కాలిక ఫైళ్ళ దారిని డేటా డిస్క్ వైపు తిప్పండి. అలా తిప్పేటప్పుడు దారి స్పెల్లింగ్ చూసుకోండి, మైనస్ వీ తో ఇచ్చిన ఫోల్డర్ లేకపోతే డాకర్ ఏమీ అనకుండా తనే సిస్టమ్ డిస్క్‌లో కొత్తగా చేసేసుకుంటుంది, మొదటి ప్రశ్నలో జరిగినట్టే అవుతుంది.

ప్రశ్న: డీఎఫ్‌లో 40 శాతమే వాడినట్టు ఉంది, అయినా ఏ ఫైల్ రాయబోయినా డిస్క్‌లో చోటు లేదంటోంది. డిస్క్ పాడైందా?

జవాబు: పాడవ్వలేదు, ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాలు రాసుకునే గడులు) అయిపోయి ఉంటాయి. డీఎఫ్ మైనస్ ఐ కొట్టి చూడండి. ప్రతి ఫైల్‌కీ ఒక ఐనోడ్ కావాలి, ఈఎక్స్‌టీ4 లో ఫార్మాట్ చేసిన రోజే మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున లెక్క తేలిపోతుంది, 32 జీబీ డిస్క్‌కి 20 లక్షల దగ్గర, ఆ పార్టిషన్ పెంచకుండా అవి పెరగవు. అంటే ఎక్కడో లక్షల చిన్న చిన్న ఫైళ్ళు పోగుపడ్డాయి. డీయూ మైనస్ ఎక్స్ డబుల్ మైనస్ ఐనోడ్స్ అంటే సైజు బదులు సంఖ్య లెక్కపెడుతుంది, పాత సెషన్ ఫైళ్ళో, వెళ్ళకుండా నిలిచిపోయిన మెయిళ్ళో, ఏదో యాప్ క్యాషేనో బయటపడుతుంది. అన్నీ ఒకేసారి ఆర్‌ఎం స్టార్ కొడితే లిస్ట్ చాలా పొడుగైంది అంటుంది, ఫైండ్‌కి ఆ ఫోల్డర్ దారి ఇచ్చి, పాత తేదీ షరతు ముందు పెట్టి, మైనస్ డిలీట్ చిట్టచివర పెట్టండి. వరస తారుమారైతే షరతు చూడకుండానే అన్నీ తీసేస్తుంది.

ప్రశ్న: పెద్ద ఫైళ్ళు వెతికితే ప్రాక్ ఫోల్డర్లో కేకోర్ అని 128 టీబీ ఫైల్ కనపడింది! నా డిస్కే 16 జీబీ. వైరస్సా? డిలీట్ అవ్వట్లేదు కూడా.

జవాబు: వైరస్ కాదండీ, అది డిస్క్ మీద లేనే లేదు. ప్రాక్ అనేది కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్పటికప్పుడు మెమరీలోంచి చూపించే ఫోల్డర్, కేకోర్ సైజు అంటే 64 బిట్ కంప్యూటర్లో కెర్నల్ చూడగల చిరునామాల పరిధి, ఒక్క బైట్ కూడా మీ డిస్క్‌ది తినట్లేదు. వెతికేటప్పుడు ఫైండ్‌కి మైనస్ ఎక్స్‌డెవ్ పెట్టండి, రూట్ డిస్క్ దాటి వెళ్ళదు, ఇంక అది కనపడదు.