గ్రిల్‌కి ఏ బొగ్గు, పొగకి ఏ కట్టె? చేదు రాకుండా ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పెరట్లోకి మూత ఉన్న బొగ్గుల గ్రిల్ తెచ్చుకున్నారు. రెండుసార్లు చికెన్ కాల్చారు. హికరీ (ఘాటైన పొగ ఇచ్చే ఒక అమెరికా చెట్టు) చెక్క పేళ్లు నీళ్లలో నానబెట్టి గుప్పెళ్లతో నిప్పుల మీద పోశారు. రెండుసార్లూ పైన నల్లగా మసి పట్టింది, తింటే చేదు. ఇప్పుడు హికరీ మానేసి ఆపిల్ కట్టె తెప్పించాలా, లేక బొగ్గే మార్చాలా అని అడిగారు.

ఎనిమిదేళ్లుగా, సెలవు దొరికితే చాలు, నేను పెరట్లో నిప్పు రాజేస్తున్నాను. మొదటి ఏడాది నన్నూ ఈ చేదే ఏడిపించింది. ఆపిల్ కొన్నాను, చెర్రీ కొన్నాను, బొగ్గు నాలుగు రకాలు మార్చాను. తగ్గలేదు. కారణం చాలా ఆలస్యంగా తెలిసింది. తప్పు చెట్టుది కాదు, మంటది. కట్టె శుభ్రంగా మండితే హికరీ కూడా కమ్మగానే ఉంటుంది. గాలి చాలక కుములుతుంటే ఆపిల్ కూడా చేదే. అందుకే మీరింకా ఏమీ కొనకండి, ముందు ఇది చదవండి.

బొగ్గు సంగతి మొదట చెప్తాను. కట్టెను గాలి సరిగ్గా అందకుండా కాలిస్తే అందులోని నీరు, నూనెలు, వాయువులు పోయి చాలావరకు కార్బన్ మిగులుతుంది. అదే బొగ్గు. వాసన ఇచ్చేవన్నీ బట్టీలోనే పోయాయి కాబట్టి, బాగా రాజుకున్న బొగ్గుకి సొంత వాసన చాలా తక్కువ. గ్రిల్ దగ్గర మనకి నోరూరించే ఆ వాసనలో ఎక్కువ భాగం మాంసంలోని కొవ్వు, రసం నిప్పుల మీద పడి ఆవిరై పైకి లేవడం వల్ల వచ్చేది. కాబట్టి బొగ్గును సెగ కోసం ఎంచుకోండి, కట్టెను వాసన కోసం. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. నేను పోగొట్టుకున్నాను.

సంచుల్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి లంప్ బొగ్గు, అంటే కట్టె ఆకారం ఇంకా కనిపించే ముక్కలు. త్వరగా అంటుకుంటుంది, సెగ ఎక్కువ, బూడిద తక్కువ. కానీ ఒక ముక్క గుమ్మడికాయంత, ఇంకొకటి గోలీకాయంత ఉంటే సెగ ఒక చోట మండిపోతుంది, ఒక చోట చల్లారిపోతుంది. రెండోది బ్రికెట్లు: బొగ్గు పొడికి పిండి లాంటి బంధకం కలిపి అచ్చులో నొక్కినవి. 1897లో అమెరికాలో ఎల్స్‌వర్త్ జ్వోయర్ అనే ఆయన వీటి రూపానికి పేటెంట్ తీసుకున్నాడు. 1920లలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల తయారీలో మిగిలిన కలప ముక్కలను ఇలాగే బొగ్గు చేయించి అమ్మాడు. మిగులు కలపతో చేసినది కాబట్టి బ్రికెట్టు తక్కువరకం అని నేను చాలాకాలం అనుకునేదాన్ని. అది తప్పు. అన్నీ ఒకే సైజు కావడం వల్ల సెగ గంటల తరబడి నిలకడగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ నిలకడే కావాలి. బూడిద ఎక్కువ వస్తుంది, అంతే. మీకు నా సలహా: మామూలు బ్రికెట్లతో మొదలుపెట్టండి, చేయి కుదిరాక లంప్‌కి వెళ్లండి. నేను ఇప్పుడు చేపలకీ, గబగబా కాల్చేవాటికీ లంప్ వాడతాను, నాలుగైదు గంటలు పట్టేవాటికి బ్రికెట్లు.

అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకుంటాయని అమ్మే బ్రికెట్లు మాత్రం వద్దు. వాటికి మండే ద్రవం పట్టించి ఉంటుంది. వంట మధ్యలో కొత్తవి వేస్తే ఆ వాసన నేరుగా మాంసానికి పడుతుంది. జపాన్ వాళ్ల బించోటాన్ అనే గట్టి కట్టె బొగ్గు, కొబ్బరి చిప్ప బొగ్గు చాలా మంచివి, పొగ దాదాపు రాదు, ఎక్కువసేపు నిలుస్తాయి. కానీ మీ సమస్యకి అవి అవసరం లేదు.

లంప్ కొనేటప్పుడు సంచి ఎత్తి కాస్త కదిపి చూడండి. అడుగున పొడి గరగరలాడుతూ జారుతుంటే లోపల సగం నుసే ఉంటుంది. ఆ నుసి గాలి దారులు మూసేస్తుంది, మంట ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మంచి బొగ్గు ముక్కలు రెండు తీసి కొడితే గాజులా మోగుతుంది, తడి తగిలినది మొద్దుగా వినిపిస్తుంది. ఒకసారి నేను కొన్న సంచిలో మిగతా ముక్కల మధ్య ఒకటి తిన్నగా, అంచుకి గాడితో కనిపించింది. చేతిలోకి తీసుకుని చూస్తే నేలకి వేసే చెక్కపలక ముక్క, నల్లగా కాలి ఉంది. దానికి ఏ పాలిష్ పట్టించారో, ఏ జిగురు వాడారో ఎవరికి తెలుసు? ఆ సంచి మొత్తం పక్కన పెట్టేశాను. అప్పటినుంచి లంప్ అంటే ముందు ఒక గోనె మీద పోసి చూసుకున్నాకే గ్రిల్‌లో వేస్తాను.

అంటించడానికి ద్రవాలు వద్దండి. చిమ్నీ స్టార్టర్ అని ఒక గొట్టం లాంటి ఇనుప డబ్బా దొరుకుతుంది. కింద రెండు న్యూస్‌పేపర్ ఉండలు, పైన బొగ్గు. 15 నుంచి 20 నిమిషాలు. మొదట దట్టంగా పొగ వస్తుంది, తర్వాత ఆగిపోతుంది, ఆ తర్వాత పై వరుస బొగ్గుల అంచులు తెల్లబడతాయి. నివురు గప్పిన నిప్పు అంటామే, సరిగ్గా ఆ దశ రావాలి. అప్పుడే గ్రిల్‌లో పోయండి. అంతకు ముందే మాంసం పెట్టేస్తే సగం రాజుకున్న బొగ్గు పొగంతా దానికే.

ఇక పొగ. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మీ చేదుకి జవాబు ఇక్కడే ఉంది.

కట్టెకి గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్ అనే పదార్థం. వేడికి అది విడిపోయినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనేవి పుడతాయి. పొగ రుచిలో ఎక్కువ పాలు మొదటిది, పొగ వాసనలో ఎక్కువ పాలు రెండోది. కట్టెలోని సెల్యులోజ్ లాంటివి కాలితే కాస్త తియ్యని వాసన, ఆ బంగారు రంగు వస్తాయి. ఇవన్నీ కుదురుగా రావాలంటే కట్టెకి గాలి అందాలి. గాలి చాలకపోయినా, కట్టె తడిగా ఉన్నా మంట లేవదు, కట్టె కుములుతుంది. అప్పుడు తారు లాంటి జిడ్డు కణాలు దట్టమైన తెల్లటి పొగగా లేచి మాంసం మీద పేరుకుంటాయి. నాలుక మొద్దుబారినట్టు చేసే ఆ చేదు ఇదే. శుభ్రంగా మండినప్పుడు కణాలు ఎంత చిన్నవంటే పొగ దాదాపు కనిపించదు, వెలుగుకి ఎదురుగా చూస్తే పల్చటి నీలిరంగు తెర కనిపిస్తుంది. ఆ నీలం కోసం ఎదురుచూడండి.

నేను చేసే పరీక్ష ఒకటుంది. మూత పైనున్న రంధ్రం దగ్గరికి చేయి కాస్త దూరంగా పెట్టి, ఆ గాలిని ముక్కు వైపు విసురుకుంటాను. కళ్లు మండి, గొంతులో గరగరలాడితే మాంసం బయటే ఆగుతుంది. ఇంకో ఊపిరి పీల్చాలనిపిస్తే లోపలికి వెళ్తుంది. ఎనిమిదేళ్లలో ఈ పరీక్ష నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

పొగ తెల్లగా ఉంటే చాలామంది చేసే పని పై రంధ్రం మూయడం. మీరూ అదే చేసి ఉంటారు. చేయకండి. పై రంధ్రం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి. సెగ తగ్గించాలంటే కింది రంధ్రాన్ని కొంచెం కొంచెంగా మూయండి. పైది మూస్తే ఆ పాత పొగ బయటికి పోలేక మాంసం చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

పేళ్లు నానబెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా అందరూ ఇస్తారు. నేను ఒకసారి పిడికిలంత చెక్క ముక్కను రాత్రంతా బకెట్ నీళ్లలో ముంచి, పొద్దున రంపంతో నిలువునా కోసి చూశాను. పైన గోరు మందాన మాత్రం రంగు మారింది, లోపలంతా పొడి. ఆ పైపై నీళ్లు ఏం చేస్తాయంటే, ముందు ఆవిరవుతాయి, నిప్పుల్ని చల్లబరుస్తాయి, తర్వాత చెక్క కుములుతుంది. ఎక్కువసేపు పొగ వస్తోందని మనం మురిసిపోయేది ఆ ఆవిరి చూసే. పొడి చెక్కే వేయండి. బాగా ఆరిన కట్టెలో తేమ 15 నుంచి 20 శాతం ఉంటుంది. రెండు ముక్కలు కొడితే టంగుమనాలి.

పేళ్లు నిమిషాల్లో కాలిపోతాయి. చికెన్‌కి పిడికిలంత ముక్కలు రెండు చాలు, రాజుకున్న బొగ్గుల అంచున పెట్టండి. ఒక్కో ముక్క దాదాపు ముప్పావు గంట పొగ ఇస్తుంది. అది అయ్యాక చూసుకుని ఇంకొకటి. మిగిలిన పేళ్లు పారేయకండి, పది నిమిషాల్లో అయిపోయే చేపలకి ఒక చిన్న గుప్పెడు పొడిగా చల్లితే సరిపోతుంది.

మీ చికెన్ నల్లబడటానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. చర్మంలోని కొవ్వు నేరుగా నిప్పుల మీద కారితే మంట ఎగసి మసి పడుతుంది. బొగ్గులన్నీ ఒక పక్కకి తోసి, చికెన్‌ని రెండో పక్క పెట్టి మూత వేయండి. చివర్లో మాత్రం చర్మం కరకరలాడటానికి రెండు నిమిషాలు నిప్పుల మీదకి తెండి. తియ్యటి సాస్ ఉంటే చివరి పది నిమిషాల్లోనే పూయండి, చక్కెర చాలా త్వరగా మాడిపోతుంది. లోపల 74 డిగ్రీల సెల్సియస్ వచ్చిందో లేదో థర్మామీటర్‌తో చూసుకోండి, రంగు చూసి నమ్మొద్దు. లోపల అంచున గులాబీ రంగు కనిపించినా టెన్షన్ పడకండి. పొగలోని వాయువులు మాంసంలోని ఎర్ర పదార్థంతో కలిసి అలా నిలిచిపోతాయి. దానికి రుచితో సంబంధం లేదు.

ఇప్పుడు చెట్ల సంగతి. ఓక్ మధ్యస్థంగా ఉంటుంది, దేనికైనా నప్పుతుంది. నా దగ్గర ఒక్క రకమే ఉండాలంటే అదే ఉంచుకుంటాను. హికరీ ఇంకాస్త ఘాటు. పెకాన్ దాని జాతిదే, ఘాటు కొంచెం తక్కువ. ఆల్డర్ తేలిక, చేపలకి బాగుంటుంది. ఆపిల్, చెర్రీ లాంటి పండ్ల చెట్లు కూడా తేలికే, చెర్రీ మంచి రంగు ఇస్తుంది. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. సెగ బ్రహ్మాండం, పొగ చాలా ఘాటు; గబగబా కాల్చేవాటికి సరే, గంటలు పట్టేవాటికి వద్దు.

ఈ తేడాలు ఎంత తెలుస్తాయో చూద్దామని ఒకసారి ఒకే కోడి ముక్కలకి ఒకే ఉప్పు పట్టించి, ఒకే బొగ్గు మీద, విడివిడిగా ఆపిల్, చెర్రీ, హికరీ వేసి, ఒకటి ఏ కట్టె లేకుండా కాల్చాను. ప్లేట్ల కింద చీటీలు పెట్టి మా ఆయనకి, మా అమ్మాయికి ఇచ్చాను. కట్టె లేనిది ఇద్దరూ వెంటనే పట్టేశారు. హికరీ కూడా పట్టారు. ఆపిల్‌కీ చెర్రీకీ తేడా ఇద్దరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. మీ హికరీ పారేసి ఆపిల్ కొనడానికి నేను ఎందుకు తొందరపెట్టడం లేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వేయకూడనివి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి జిగురు కారే చెట్లు వద్దు, మసి, టర్పెంటైన్ వాసన వస్తాయి. రంగు వేసినవి, ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు పట్టించిన కలప, ఎక్కడివో తెలియని పెట్టెల చెక్కలు వద్దు. పాత కలపకి పట్టించిన మందుల్లో ఆర్సెనిక్ కూడా ఉండేది. బూజు పట్టినది వద్దు. గన్నేరు పుల్ల కూడా దగ్గరికి రానివ్వకండి, ఆ చెట్టు అంతా విషమే. వాన పడుతోందని గ్రిల్‌ని గ్యారేజీలోకో, తలుపులు మూసిన వరండాలోకో లాగకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ప్రాణాలు పోతాయి.

వంట అయ్యాక పైది, కిందిది రెండు రంధ్రాలూ మూసేయండి. మిగిలిన బొగ్గు ఆరిపోతుంది, మర్నాడు బూడిద దులిపి కొత్తదాంతో కలిపి వాడుకోవచ్చు. బూడిదని వెంటనే చెత్తబుట్టలో వేయకండి. నివురు కింద నిప్పు మర్నాటికి కూడా ఉండొచ్చు, ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి. వచ్చే ఆదివారం మీ దగ్గరున్న హికరీతోనే, పొడిగా, ఒక్క చిన్న గుప్పెడు వేసి, పై రంధ్రం తెరిచి కాల్చి చూడండి. పొగ ఏ రంగులో వచ్చిందో ఇక్కడ రాస్తే తర్వాత ఏం మార్చాలో చెప్తాను.