లాగ్‌బుక్‌లో ఏ గడి నిండుతోందో చూసుకో, బిడ్డా

బేగంపేట, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

సీహెచ్‌పీఎల్, అదే వాణిజ్య హెలికాప్టర్ పైలట్ లైసెన్సు, చేతికొచ్చిందని మీ బాపు చెప్పాడు. ఇంటిల్లిపాదికీ సంతోషం. ఇక నీ బెంగంతా ఒక్కటేనట: 150 గంటలకే లైసెన్సు ఇచ్చేశారు, ఉద్యోగాలిచ్చేవాళ్ళేమో 1,000 అడుగుతున్నారు, మధ్యలో ఉన్న 850 ఎక్కడ్నుంచి తేవాలి? ఈ ప్రశ్న అడగాల్సిందే. అయితే నువ్వు లెక్క మొదలుపెట్టిన చోటు సరైంది కాదు. మొత్తం అంకె ఒక్కటే చూసుకుంటూ పోతే 600 గంటల దగ్గర ఆగిపోతావు, ఎందుకు ఆగిపోయావో కూడా తెలియదు.

ముందు ఒక తెల్లకాగితం మీద ఐదు గడులు గీసుకో. హెలికాప్టర్ ఏటీపీఎల్‌కు, అంటే పైలట్ లైసెన్సుల్లో అన్నిటికంటే పైదానికి, ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనుబంధం 1 పెట్టిన కనీస లెక్క ఇది. మొత్తం 1,000 గంటలు ఉండాలి. పీఐసీగా, అంటే మెషీన్ బాధ్యత మోసే పైలట్‌గా, 250 కావాలి, లేదంటే పీఐసీగా 70 ఉండి మిగతావి కెప్టెన్ పర్యవేక్షణలో పీఐసీ బాధ్యత నిర్వహించినవి కావచ్చు. క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటికి ఎగిరినవి, 200, అందులో 100 పీఐసీగానో పర్యవేక్షణలోనో చేసినవి. ఇన్‌స్ట్రుమెంట్, అంటే బయటికి కాక మీటర్లు చూసి ఎగిరినవి, 30, అందులో నేల మీది సిమ్యులేటర్ లాంటి పరికరంలో చేసినవి 10కి మించకూడదు. రాత్రి 50. ఇప్పుడు నీ లాగ్‌బుక్ తెరిచి ఒక్కో గడిలో ఎంత ఉందో రాయి. ఎక్కడ ఎక్కువ ఖాళీ కనిపిస్తే, రాబోయే రెండేళ్ళలో నీ డబ్బూ కాలమూ అటే వెళ్ళాలి.

రాత్రి గడి అందరికీ ఆలస్యంగా గుర్తొస్తుంది. మన దేశంలో సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు దాకా మామూలుగా వీఎఫ్ఆర్, అంటే కంటితో బయట చూసుకుంటూ, ఎగరనివ్వరు. చిన్న సింగిల్ ఇంజన్ మెషీన్ మీద ఇక్కడ ఆ గడి నింపడం చాలా కష్టం. విదేశానికి వెళ్ళే అవకాశం వస్తే అక్కడ మొదట కొనాల్సినవి రాత్రి గంటలే.

ఇక దారులు. నా దృష్టిలో ఇక్కడే ఉండాలనుకునేవాళ్ళకు అన్నిటికంటే గట్టిది ఆఫ్‌షోర్ (సముద్రంలోని చమురు రిగ్గులకు వెళ్ళే) కోపైలట్ సీటు. కృష్ణా గోదావరి బేసిన్ రిగ్గులకు రాజమండ్రి నుంచి, బాంబే హైకి జుహూ నుంచి ఎగురుతారు. అవి రెండు ఇంజన్ల మెషీన్లు. కాంట్రాక్టే ఇద్దరు పైలట్లు ఉండాలంటుంది కాబట్టి నీ గంటను ఎవరూ ప్రశ్నించరు. ఇన్‌స్ట్రుమెంట్ కూడా చేతికొస్తుంది. పిలుపు వచ్చాక పరుగెత్తడం కాకుండా నీటిలో మునిగిన హెలికాప్టర్ నుంచి బయటపడే శిక్షణ, సీఆర్ఎం (సిబ్బంది సమన్వయం), ప్రమాదకర సరుకుల కోర్సు, ఏవ్‌సెక్ (విమానయాన భద్రత) ముందే పూర్తిచేసి గడువు తేదీలు రాసి పెట్టుకో. ఒకే రోజున ఇద్దరికి పిలుపొస్తే కాగితాలు సిద్ధంగా ఉన్నవాణ్నే తీసుకుంటారు. బెంగళూరులో హెచ్ఏఎల్, సీఏఈ కలిసి పెట్టిన హ్యాట్సాఫ్‌లో బెల్ 412 లాంటి వాటికి సిమ్యులేటర్ ఉంది. టైప్ రేటింగ్ (ఒక్కో రకం మెషీన్ నడపడానికి కావలసిన అర్హత) మాట వచ్చినప్పుడు దాని గురించి అడుగు. ఉద్యోగం ఖాయం కాకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయించుకోవద్దు. ఆ మెషీన్ నడిపే సంస్థలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి, గడువు దాటితే డబ్బు మట్టిపాలు.

ఈ సీటుకూ ఒక లోటుంది. మూడేళ్ళు కూర్చున్నా పీ2, అంటే కోపైలట్, గంటలే పోగవుతాయి, పీఐసీ గడి ఖాళీగానే ఉంటుంది. అందుకే బాండ్ మీద సంతకం పెట్టే ముందే అడుగు: పర్యవేక్షణలో పీఐసీ గంటలు ఎన్ని గంటల తర్వాత మొదలుపెడతారు, ఎవరు సంతకం చేస్తారు, ఆపరేషన్స్ మాన్యువల్‌లో అది రాసి ఉందా? నోటిమాట చాలదు. బాండ్ ఎన్నేళ్ళు, ఎంత మొత్తం, మొత్తం ఏటికేడు తగ్గుతుందా, మెషీన్ హ్యాంగర్‌లో పడి ఉన్న నెలలు లెక్కలోకి వస్తాయా అన్నది కూడా చదివించుకో.

దీనికి దగ్గరగా కనిపించే మోసం ఒకటుంది. ఒకే పైలట్‌తో ఎగరగల మెషీన్‌లో ఎడమ సీటు చూపించి, డబ్బు కడితే గంటలు రాసుకోవచ్చంటారు. ఆ ప్రయాణానికి కోపైలట్ అవసరమని నియమం గానీ కాంట్రాక్ట్ గానీ చెప్పకపోతే అది పీ2 గంటే కాదు, నువ్వు ప్రయాణికుడివి. అలాంటివి 200 లాగ్‌బుక్‌లో ఉంటే ఇంటర్వ్యూలో నీ మంచి గంటల మీద కూడా అనుమానం పడుతుంది.

రెండో దారి శిక్షకుడి ఉద్యోగం. అమెరికాలో హెలికాప్టర్ పైలట్లలో ఎక్కువమంది ఇలాగే పెరుగుతారు: శిక్షకుడి రేటింగ్ తెచ్చుకుని చదివిన బడిలోనే పాఠం చెప్తూ 1,000 దాకా వెళ్ళి, అక్కడ్నుంచి పర్యాటకుల టర్బైన్ మెషీన్లకు మారతారు. శిష్యుడు నడుపుతున్నా శిక్షకుడికి పీఐసీ గంటే పడుతుంది, అదీ ఈ దారి బలం. రాబిన్సన్ ఆర్22లో పాఠం చెప్పాలంటే మాత్రం అక్కడి ప్రత్యేక నియమం ప్రకారం హెలికాప్టర్‌లో 200 గంటలు, అందులో 50 ఆర్22 మీదే ఉండాలి. ఇది తెలియక 160 గంటలకు రేటింగ్ పూర్తిచేసుకుని ఖాళీగా కూర్చునేవాళ్ళున్నారు. ఆ 40 గంటల ఖర్చు మొదటి రోజే బడ్జెట్‌లో రాసుకో. వీసా విషయం ఇంకా ముఖ్యం. ఎం-1 (వృత్తి శిక్షణ విద్యార్థుల) వీసాలో చదివిన ప్రతి నాలుగు నెలలకు ఒక నెల చొప్పున, అది కూడా గరిష్ఠంగా ఆరు నెలలే పని అనుభవానికి ఇస్తారు. ఆరు నెలల్లో 800 గంటలు ఎవరికీ రావు. బడి ఏ వీసా ఇస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే ఫీజు కట్టు.

మూడోది మెషీన్ అద్దెకు తీసుకుని ఎగరడం. ఆర్22 అయినా అక్కడ గంటకు 300 డాలర్ల లోపు దొరకడం కష్టం. 100 గంటలంటే 30,000 డాలర్లు, అంటే ఊళ్ళో పొలం అమ్మే మాట. అంత డబ్బు పోసి ఊరు చుట్టూ తిరిగి రావద్దు. శిక్షకుడికి కావలసిన ఆ 200 గంటల గీత దాటడానికి కావలసినన్నే కొను. ప్రతి గంటకూ ముందు రోజు రాత్రే కాగితం మీద పని రాసుకో: పావుగంట ఇరుకు స్థలంలో దిగడం, వాలులో దిగడం, మిగతాది క్రాస్ కంట్రీ. ఇంకో మాట. ఇద్దరు కలిసి అద్దె పంచుకుని ఇద్దరూ అదే గంటను పీఐసీగా రాసుకోవద్దు. ఒకరు హుడ్ (బయటికి కనపడనివ్వని ముసుగు) పెట్టుకుని మీటర్ల సాధన చేసినప్పుడు అక్కడి నియమం పక్కన బయట చూసుకునే సేఫ్టీ పైలట్‌కు కూడా గంట రాసుకోనిస్తుంది గానీ, దాన్ని విడిగా, రిమార్క్స్‌లో స్పష్టంగా రాసిపెట్టు. ఇక్కడ కాగితాలు చూసేవాళ్ళు అడుగుతారు.

నాలుగోదానికి గంటలే రావు, అయినా చెప్తున్నా. ఎన్నికల సీజన్‌లో బేగంపేట నుంచి చార్టర్ మెషీన్లు రోజుకు నాలుగైదు సభలకు తిరుగుతాయి. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం జాతరకు హెలికాప్టర్లు నడుపుతారు. వాటిని నడిపేది పెద్ద గంటలవాళ్ళే. కానీ కింద హెలిప్యాడ్ చూసుకునేవాళ్ళు దొరక్క సంస్థలు అవస్థ పడతాయి. ఆ పనికి వెళ్ళు, చిన్నతనం అనుకోవద్దు. మెషీన్ రావడానికి ముందు ట్యాంకర్‌తో నేల తడిపించడం నేర్చుకో. దుమ్ము లేస్తే దిగే ఆఖరి పది అడుగుల్లో పైలట్‌కు నేల కనిపించదు. ఫ్లెక్సీలు, కుర్చీల కవర్లు, టెంటు గుడ్డలు దూరంగా తీయించు. ఒక్క గుడ్డ టెయిల్ రోటర్‌లోకి పోతే చాలు. ప్రయాణికులను తూకం వేసి రాయి, వాళ్ళు చెప్పే బరువు నమ్మకు. ఎప్పుడూ పైలట్ కళ్ళబడేలా ముందు వైపు నుంచే ఎక్కించు, నేల వాలుగా ఉంటే పల్లపు వైపు నుంచి. బ్యారెల్ నుంచి ఇంధనం పోయాల్సొస్తే ముందు ఎర్తింగ్ వైరు తగిలించు, పంపు గొట్టం అడుగును తాకకుండా చూడు, నీళ్ళ పరీక్ష చెయ్యి. 200 లీటర్ల జెట్ ఇంధనం సుమారు 160 కిలోలు. ఆ లెక్క నోట్లో ఉంటే ఎంతమందిని ఎక్కించొచ్చో కెప్టెన్ అడగకముందే చెప్పగలవు. సైన్యం నుంచి వేల గంటలతో బయటికొచ్చిన పైలట్లు నీతో పోటీలో ఉన్నారు. వాళ్ళ పక్కన నీ 150కి విలువ రావాలంటే నిన్ను పనిలో చూసిన కెప్టెన్ ఒకడు ఉండాలి.

గంటలు పోగయ్యే కాలంలోనే ప్రాణాలు పోతాయి, బిడ్డా. ఇది కాస్త నిదానంగా చదువు.

మే నెల మధ్యాహ్నం బేగంపేటలో 42 డిగ్రీలు అనుకో. నేల ఎత్తు సుమారు 1,740 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11.5 డిగ్రీలు. వేడికి గాలి పలచబడుతుంది. తేడా 30 డిగ్రీలు, డిగ్రీకి 120 అడుగుల లెక్కన 3,600, దాన్ని నేల ఎత్తుకు కలుపు. అంటే మెషీన్‌కు అది 5,300 అడుగుల పైన ఉన్న కొండ. శంషాబాద్ నేల ఇంకా ఎత్తు, 2,024 అడుగులు. పొద్దున ఆరింటికి సునాయాసంగా హోవర్ చేసిన (ఒకేచోట గాల్లో నిలిచిన) బరువు, మధ్యాహ్నం భూమి ప్రభావం (నేలకు దగ్గరగా ఉన్నప్పుడు దొరికే అదనపు ఊతం) దాటగానే నిలవదు. అప్పుడు కొత్త చెయ్యి చేసే తప్పు కలెక్టివ్ (మెషీన్‌ను పైకి లేపే లీవర్) ఇంకా లాగడం. ఇంజన్ ఇవ్వలేకపోతుంది, రోటర్ ఆర్‌పీఎం పడిపోతుంది. రాబిన్సన్‌లో 97 శాతం దగ్గర హారన్ మోగుతుంది. 80 శాతానికి ప్రతి వెయ్యి అడుగులకు ఒక శాతం కలిపితే వచ్చే అంకె కిందికి పోతే రెక్క స్టాల్ అయి (ఎత్తే శక్తి పోయి) తిరిగి రాదని తయారీదారే చెప్తాడు. పైన వేసిన లెక్కలో ఆ అంకె 85 దాటుతుంది. హారన్‌కూ చావుకూ మధ్య ఉన్నవి పన్నెండు శాతం లోపే. హారన్ విన్న క్షణమే థ్రాటిల్ తిప్పుతూ కలెక్టివ్ దించాలి, ఆలోచించి కాదు.

రెండు రెక్కల రోటర్‌లో సైక్లిక్ (మెషీన్‌ను ముందుకూ పక్కలకూ వంచే కర్ర) ముందుకు తోసి శరీరం తేలిపోయినట్టు అనిపిస్తే, మెషీన్ కుడికి ఒరుగుతుంది. చెయ్యి తనంతట తానే ఎడమకు లాగుతుంది. అదే మాస్ట్‌ను (రోటర్ నిలిచే స్తంభాన్ని) విరగ్గొడుతుంది. ముందు మెల్లగా వెనక్కి లాగి రోటర్ మీదికి బరువు రానివ్వు, ఒరుగుడు తర్వాత సరిచెయ్యి. వానాకాలంలో ఇక్కడ 25 డిగ్రీల్లోనూ కార్బురేటర్‌లో మంచు కడుతుంది, చలిదేశపు సమస్య అనుకోవద్దు. ఆర్22లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్ శక్తి చూపే అంకె) 18 అంగుళాల కిందికి దించే ముందు కార్బ్ హీట్ (ఆ మంచు కట్టకుండా వేడిగాలి ఇచ్చేది) పూర్తిగా లాగు.

మబ్బుల సంగతి ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేటలో లేచిన బెల్ 430 నల్లమలలో కూలి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి సహా మొత్తం ఐదుగురు పోయారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక కోసం చెక్‌లిస్టులో వెతుకుతూ విలువైన నిమిషాలు గడిచాయనీ, ఆలోగా మెషీన్ చెడు వాతావరణంలోకి వెళ్ళిందనీ విచారణ తేల్చింది. నడిపినవాళ్ళు అనుభవజ్ఞులే. నీకు మాత్రం ఒక గీత కావాలి, అది నేల మీదే గీసుకోవాలి. వేగం 30 నాట్లు తగ్గించాల్సి వచ్చినా, 500 అడుగుల కిందికి దిగాల్సి వచ్చినా వెనక్కి తిరుగు, లేదా పొలంలో దించు. హెలికాప్టర్‌కు పొలం చాలు. ఆ వరం వాడుకోవడానికి సిగ్గుపడకు.

చివరగా లాగ్‌బుక్. హెలికాప్టర్ గంట రెక్కలు తిరగడం మొదలైన క్షణం నుంచి ఆగేదాకా. మెషీన్ మీటరు కొన్నిటిలో కలెక్టివ్ లేస్తేనే తిరుగుతుంది కాబట్టి రెండు అంకెలూ కలవకపోవచ్చు. ఎందుకు కలవలేదో నీకు తెలిసి ఉండాలి. అమెరికాలో పదో వంతుల్లో రాస్తారు, మనం నిమిషాల్లో. 1.2 అంటే 1 గంట 12 నిమిషాలు, 1:20 కాదు. 1.7 అంటే 1:42. ఈ ఒక్క తప్పు వంద పేజీల మొత్తాన్ని పాడుచేస్తుంది. పేజీ మారేటప్పుడు మొత్తం పెన్సిల్‌తో రాసి, రెండుసార్లు కూడి, తర్వాతే పెన్ను పెట్టు. దేశంలో చేసిన ప్రతి ప్రయాణానికి ఎఫ్ఐసీ, ఏడీసీ (ఎగిరే ముందు తీసుకునే అనుమతుల) నంబర్లు రిమార్క్స్‌లో వేసుకో. బడి సంతకం నెలనెలా పెట్టించు, బడి మూతపడ్డాక ముద్ర వేసేవాడు ఉండడు. పెట్టించిన రోజే స్కాన్ చేసి ఇంట్లో ఒకటి, మీ అక్క దగ్గర ఒకటి ఉంచు. లేని గంట ఒక్కటి కూడా రాయకు. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు అరెస్టయ్యాక ఈ వృత్తిలో కాగితాన్ని ఎవరూ ఊరికే నమ్మడం లేదు.

మెడికల్ క్లాస్ 1 గడువు ఏడాదే. గడువుకు రెండు నెలల ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకో, ఒక రిపోర్టు తిరిగొస్తే నెల పోతుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్రయాణికులను ఎక్కించుకోకు. ఎగరని నెలల్లో కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఎమర్జెన్సీ డ్రిల్లులు రోజూ ఒకసారి చేతులతో చెయ్యి.

ఐదు గడుల కాగితం నింపాక ఫోటో తీసి పంపు. రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్ గడులు చూసి రాజమండ్రికి ముందు రాయాలో, అమెరికా బడులకు ముందు రాయాలో ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం. లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ పెద్దబాపు