మెదడుపై పరిశోధనకు లెక్కలు తప్పవా?

ప్రశ్న: జీవశాస్త్రంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెదడు ఎలా ఆలోచిస్తుందో పరిశోధించాలని కోరిక. గణితం పాఠశాలతోనే వదిలేశాను. ఈ రంగంలో రాణించగలనా?

జవాబు: తప్పకుండా రాణించగలరు, కానీ గణితాన్ని పక్కన పెట్టి మాత్రం కాదు. ఎందుకంటే మీరు వెళ్లాలనుకుంటున్న రంగంలో అసలు ప్రశ్నే గణిత రూపంలో ఉంటుంది.

1986లో జార్జోపౌలోస్ బృందం కోతుల మెదడులో చేతి కదలికలను నడిపే భాగంపై ఒక ఫలితాన్ని ప్రచురించింది. అక్కడి ప్రతి న్యూరాన్ (నాడీకణం) ఒక దిశకు అన్నింటికన్నా గట్టిగా స్పందించినా, పక్క దిశలకూ కొంత స్పందిస్తూనే ఉంటుంది కాబట్టి, ఏ ఒక్కదాన్ని చూసీ చెయ్యి ఎటు వెళ్తుందో కచ్చితంగా చెప్పలేం. అయితే ఒక్కో న్యూరాన్‌ను దాని దిశలో గీసిన బాణంగా, స్పందన పెరిగినకొద్దీ పొడవు పెరిగే బాణంగా భావించి అన్నింటినీ కూడితే, ఆ మొత్తం చెయ్యి కదిలే దిశను దాదాపు సరిగ్గా చూపింది. ఇది మీరు పాఠశాలలో చేసిన సదిశల కూడికే.

ఆలోచన దగ్గర విషయం మరింత లోతుగా ఉంటుంది. ఒక నియమం ప్రకారం ఎర్ర బొమ్మకు ఎడమ, నీలం బొమ్మకు కుడి మీట నొక్కాలనీ, మరో నియమంలో ఇది తారుమారవుతుందనీ అనుకోండి. కొన్ని న్యూరాన్లు రంగుకే, మరికొన్ని నియమానికే స్పందిస్తాయనుకుని, మొదటివాటి స్పందనను అడ్డంగా, రెండోవాటి స్పందనను నిలువుగా గుర్తిస్తే, నాలుగు సందర్భాలూ కాగితంపై చదరం మూలల్లా అమరుతాయి. ఎడమ కోరేవి ఒక కర్ణం చివర్లలో, కుడి కోరేవి మరో కర్ణం చివర్లలో ఉంటాయి. ఏ మీట నొక్కాలో తేల్చాలంటే ఈ రెండు జతలనూ విడదీయాలి, కానీ ఒకే సరళరేఖతో వాటిని విడదీయలేరు, గీసి చూడండి. ఎర్ర రంగు, మొదటి నియమం రెండూ కలిసినప్పుడే స్పందించే న్యూరాన్ ఒకటి చేరితే, ఆ మూల కాగితం మీంచి పైకి లేస్తుంది, అప్పుడు ఒక సమతలంతో విడదీయవచ్చు. ఇలాంటి మిశ్రమ స్పందనలు కోతుల మెదడు ముందు భాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో విస్తారంగా ఉన్నాయనీ, కోతులు పొరపాటు చేసిన సందర్భాల్లో ఆ స్పందనల డైమెన్షన్ల సంఖ్య (కాగితం నుంచి పైకి లేవడం లాంటి స్వతంత్ర దిశల సంఖ్య) తగ్గిందనీ 2013లో రిగొట్టి, ఫూసీ తదితరులు చూపించారు. నా దృష్టిలో ఈ రంగంలోకి రావడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

కాబట్టి ముందు సదిశలు, సమతలాల గణితమైన లీనియర్ ఆల్జీబ్రా, దానితోపాటు సంభావ్యత, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. మెదడులోకి దించే సన్నని సూదిలాంటి న్యూరోపిక్సెల్స్ ప్రోబ్ ఒక్కటే ఏకకాలంలో 384 ఛానళ్ల నుంచి సంకేతాలు నమోదు చేస్తుంది. ఆ రాశిని చేత్తో చదవలేం. అయితే ఆ సంకేతం ఏ కణం నుంచి, ఎలా పుడుతుందో తెలిసిన మీ జీవశాస్త్రం అప్పుడు నిజంగా అక్కరకొస్తుంది. అమెరికాలోని పరిశోధన సంస్థ అలెన్ ఇన్‌స్టిట్యూట్ ఉచితంగా అందించే న్యూరాన్ల డేటాతో ఒక చిన్న విశ్లేషణ చేసి, ఇంటర్న్‌షిప్ కోరే లేఖకు జతచేయండి. మార్కుల పత్రం కన్నా అది మీ గురించి ఎక్కువ చెబుతుంది. మాస్టర్స్‌కు దరఖాస్తు చేసేటప్పుడు కోర్సు పేరు చూసి మురిసిపోకుండా, లీనియర్ ఆల్జీబ్రా, డేటా విశ్లేషణ అందులో తప్పనిసరి పేపర్లుగా ఉన్నాయో లేదో చూడండి.