తొలి ఐటీ ఉద్యోగం వెతుక్కునే మేనకోడలికి

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. బీకాం కంప్యూటర్స్ మెమో చేతికొచ్చింది, ఎస్ఆర్ నగర్ హాస్టల్లో దిగావు, మైత్రీవనం చుట్టూ తిరిగి డెమో క్లాసులు వింటున్నావు. ఒకాయన జావా ఫుల్ స్టాక్ అంటే, పక్క బిల్డింగ్ ఆయన డేటా సైన్స్ అన్నాడట. ఏది చేరమంటావు మామా అని అడిగావు. ఇప్పటికైతే రెండూ వద్దు.

అవి చెడ్డ కోర్సులని కాదు. ఫ్రెషర్ డెవలపర్ పోస్టుకు నీ పక్కన లైన్లో నిలబడేది బీటెక్ పిల్లలు. చాలా కంపెనీలు డిగ్రీ పేరూ, పర్సెంటేజీ చూసి ముందే జల్లెడ పడతాయి. నీ రెజ్యూమె మనిషి కంటపడేలోపే రాలిపోతుంది. డిగ్రీ ఏదైనా సరే, మాట స్పష్టంగా ఉండి కంగారుపడకుండా ఆలోచించగలిగితే చాలనే తలుపు ఇంకొకటుంది, అదే సర్వీస్ డెస్క్. నౌకరీ వెబ్‌సైట్‌లో వెతికేటప్పుడు సర్వీస్ డెస్క్ అనలిస్ట్, టెక్నికల్ సపోర్ట్ అసోసియేట్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజినీర్, ఎల్1 సపోర్ట్, ఎన్‌ఓసీ టెక్నీషియన్ అని విడివిడిగా కొట్టు. పేర్లు వేరైనా మొదటి మెట్టు అదే. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు, వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కలవనివాళ్లు, ఔట్‌లుక్ తెరుచుకోనివాళ్లు ఫోన్ చేస్తారు, నువ్వు సరిచేస్తావు లేదా సరైన టీమ్‌కు పంపుతావు. "అది కాల్ సెంటరే కదా" అని నీ రూమ్మేట్లు అంటారు. సగం నిజమే, అననీ. సర్వర్లు, నెట్‌వర్క్, క్లౌడ్ పనుల్లోకి లోపలి నుంచి మారడం బయటి నుంచి దూకడం కంటే తేలిక.

నేర్చుకోవడానికి మూడు నెలలు పెట్టుకో. ముందు నీ లాప్‌టాప్ సంగతి చూడు. 4 జీబీ ర్యామ్ అయితే పని జరగదు. 8లో ముక్కుతూ నడుస్తుంది, 16 అయితే హాయి. సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) వెళ్లి ర్యామ్ వేయించుకో. లాప్‌టాప్ వెంట తీసుకెళ్లు, ఎందుకంటే డీడీఆర్3 రకం స్లాట్‌లో డీడీఆర్4 ర్యామ్ కూర్చోదు, కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. హార్డ్ డిస్క్ పాతదైతే దాని బదులు ఎస్ఎస్‌డీ పెట్టించు.

తర్వాత వర్చువల్‌బాక్స్ వేసుకో, ఒక్క లాప్‌టాప్‌లోనే రెండు మూడు మెషీన్లు ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. విండోస్ సర్వర్‌ను మైక్రోసాఫ్ట్ 180 రోజులు, విండోస్ ఎంటర్‌ప్రైజ్‌ను 90 రోజులు పరీక్షకు ఉచితంగానే ఇస్తుంది. ఒక మెషీన్ మీద సర్వర్ ఎక్కించి డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు యూజర్లనూ, మెషీన్లనూ ఒకేచోట నడిపే సర్వర్) చెయ్యి, రెండోదాన్ని దానికి జాయిన్ చెయ్యి. ఇక్కడే అందరూ ఆగిపోతారు. వర్చువల్‌బాక్స్ మొదట్లో ప్రతి మెషీన్‌నూ న్యాట్ (ఒక్కోటీ విడివిడిగా ఇంటర్నెట్‌కు వెళ్లే పద్ధతి) మీద పెడుతుంది. రెండింటికీ 10.0.2.15 అన్న అడ్రసే వస్తుంది, ఒకదానికొకటి కనబడవు. రెండింటినీ ఒకే ఇంటర్నల్ నెట్‌వర్క్‌లోకి మార్చి, ఐపీలు (నెట్‌వర్క్ అడ్రసులు) నువ్వే ఇవ్వు. అప్పటికీ జాయిన్ కాకపోతే క్లయింట్‌లో, అంటే ఆ రెండో మెషీన్‌లో, డీఎన్ఎస్ (పేరును ఐపీగా మార్చేది) చూడు, అక్కడ సర్వర్ ఐపీ ఉండాలి. విండోస్ హోమ్ ఎడిషన్ అయితే డొమైన్‌లో అసలు చేరదు. జాయిన్ అయ్యాక పది మంది యూజర్లను సృష్టించు. తప్పు పాస్‌వర్డ్ కొట్టి అకౌంట్ లాక్ చేసి, మళ్లీ తెరువు. ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ కావట్లేదంటే గ్రూప్ పాలసీలో (డొమైన్ మొత్తానికి నియమాలు పెట్టే చోటు) లాకౌట్ పరిమితి సున్నా మీద ఉందని అర్థం, 5 పెట్టు. ఈ చిక్కులన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. ఇంటర్వ్యూలో "ప్రాజెక్ట్ ఏం చేశావ్" అంటే చెప్పడానికి ఆ నోట్‌బుక్కే నీకు ఆధారం.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: యూజర్ ఇంటర్నెట్ రావట్లేదంటే ఏం చేస్తావు? ఎక్కువమంది రీస్టార్ట్ చేయమంటాం అని ఊరుకుంటారు. నువ్వు ముందు ప్రశ్నలు అడుగు. మీ ఒక్కరికేనా, పక్కవాళ్లకూనా? ఒక్క సైటా, అన్నీనా? ఎప్పటినుంచి? ఈలోగా ఏమైనా మార్చారా? ఆ తర్వాతే ఐపీకాన్ఫిగ్, అంటే మెషీన్ ఐపీ చూపించే కమాండ్. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (ఐపీలు తనంతట తానే పంచేది) నుంచి ఐపీ అందలేదు, కేబులో వైఫైయో చూడాలి. ఐపీ సరిగ్గా ఉంటే గేట్‌వేకి (నెట్‌వర్క్ నుంచి బయటికెళ్లే ద్వారం) పింగ్, అంటే పలుకుతుందో లేదో చూడటం, అది పలికితే 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్. అదీ పలికి, పేరుతో కొడితే సైటు రాకపోతే తప్పు డీఎన్ఎస్‌లో ఉంది. కొన్ని ఆఫీసుల్లో ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేస్తుంది కాబట్టి జవాబు రానంత మాత్రాన లైన్ పోయినట్టు కాదు. ఈ ఒక్క మాట చేర్చావంటే అడిగేవాళ్లు తలెత్తి చూస్తారు.

దాని తర్వాత చూసేది టికెట్ రాయడం, అంటే యూజర్ సమస్యనూ, నువ్వు చేసిందాన్నీ నమోదు చేయడం. ఇది ఏ కోచింగ్‌లోనూ సరిగ్గా నేర్పడం లేదు. "ఔట్‌లుక్ ప్రాబ్లెమ్, ఫిక్స్ చేశాం" అని రాస్తే తర్వాతి షిఫ్టువాళ్లకు ఏమీ తెలీదు. ఇలా ఉండాలి: "ఉదయం 9:40 నుంచి ఔట్‌లుక్ పాస్‌వర్డ్ పదేపదే అడుగుతోంది. వెబ్‌లో మెయిల్ బాగానే తెరుచుకుంటోంది. యూజర్ నిన్న పాస్‌వర్డ్ మార్చారు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత ఎంట్రీ తీసేశాం, ఔట్‌లుక్ మళ్లీ తెరిచాం, మెయిల్ వస్తోంది, యూజర్ సరేనన్నారు." ఇంగ్లిష్‌లో రోజుకు మూడు ఇలా రాసి దిద్దుకో. పాస్‌వర్డ్ మార్చమని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు వాళ్లెవరో నిర్ధారించుకోవాలన్నది మర్చిపోకు, అది కూడా అడుగుతారు. ఇన్సిడెంట్‌కీ సర్వీస్ రిక్వెస్ట్‌కీ తేడా, ఎస్ఎల్ఏ (ఎంతసేపట్లో సరిచేయాలన్న ఒప్పందం), ప్రయారిటీ అంటే ఏమిటో ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి.

సర్టిఫికెట్లకు ఇప్పుడే డబ్బు పోయకు. మైక్రోసాఫ్ట్ లెర్న్, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఒంటరిగా చదవడం కుదరదనిపిస్తే అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో వారి నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోర్సు ఒక్కటీ చేరు, ఫీజు వాయిదాల్లో కట్టు. "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టినచోట కిందటి బ్యాచ్ వాళ్లతో మాట్లాడించమని అడుగు.

మాట విషయం. వాయిస్ టెస్టులో యాస కంటే తొందర ఎక్కువ ముంచుతుంది. రోజూ పది నిమిషాలు ఒక సమస్యను ఇంగ్లిష్‌లో వివరిస్తూ ఫోన్లో రికార్డ్ చేసుకొని, మర్నాడు విను.

రెజ్యూమె ఒక్క పేజీ. తెలిసినవే రాయి. ఇరవై టెక్నాలజీలు రాస్తే నీకు రానిదాని దగ్గరే పట్టుకుంటారు. నౌకరీ ప్రొఫైల్‌ను పొద్దున్నే తెరిచి ఒక చిన్న మార్పు చెయ్యి, కొత్తగా కదిలిన ప్రొఫైళ్లు రిక్రూటర్ల కంటపడే అవకాశం ఎక్కువ. వెంటనే చేరగలనని అందులో పెట్టు. వాక్‌ఇన్‌కు మెమోల జిరాక్సులు, ప్రొవిజనల్, ఆధార్, ఫోటోలు పట్టుకెళ్లు. ఒరిజినల్స్ చూపించు గానీ ఎవరి దగ్గరా వదిలిపెట్టకు. తెలంగాణ ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లోనూ, కేంద్రం వారి న్యాట్స్ అప్రెంటిస్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేసుకో. ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తే స్టైపెండ్‌తోపాటు చెప్పుకోవడానికి నిజమైన అనుభవం వస్తుంది.

నిజమైన అని ఎందుకన్నానంటే, నకిలీ అనుభవం అమ్మేవాళ్లు నీ హాస్టల్ కింద టీ కొట్టు దాకా వస్తారు. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్, శాలరీ స్లిప్పులు, బ్యాక్‌డోర్ సీటు అంటారు. నీ యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతా నంబరు) ఏ కంపెనీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పీఎఫ్ కట్టిందో అంతా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు దాన్నే అడుగుతారు. చేరాక ఏడాదికి బయటపడినా ఇంటికి పంపేస్తారు. సెక్యూరిటీ డిపాజిట్, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అని ఎవరడిగినా రూపాయి ఇవ్వకు. ఆఫర్ మామూలు జీమెయిల్ నుంచి వస్తే, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కో.

ఆఫర్ వచ్చాక సీటీసీ అంకె చూసి మురిసిపోకు (సికింద్రాబాద్ సీటీసీ వేరు, ఇది వేరు! ఇది నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు). ఏడాదికి 2.4 లక్షలు అంటే నెలకు 20,000. బేసిక్ 10,000 పెట్టారనుకో. కంపెనీ వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 3.25 శాతం కూడా అందులోంచే తీస్తే గ్రాస్ 18,200 దగ్గర తేలుతుంది. మళ్లీ నీ పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 0.75 శాతం, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికొచ్చేది 16,700. హాస్టల్ ఖర్చు ఈ అంకెలోంచి తీసి చూసుకో. కంపెనీ రోల్సా, థర్డ్ పార్టీ పేరోలా (జీతం వేరే ఏజెన్సీ ఇచ్చేది) అన్నది కూడా చేరకముందే అడుగు. థర్డ్ పార్టీ అయినా మొదటి ఉద్యోగానికి నాకైతే అభ్యంతరం లేదు.

షిఫ్టులు మాత్రం రాత్రివే ఎక్కువ, అమెరికా వాళ్ల పగలు మన రాత్రి కదా. క్యాబ్ గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా అని హెచ్‌ఆర్‌ను అడుగు. తెల్లవారుజామున నాలుగింటికి గేటు తీస్తారా అని హాస్టల్ ఆంటీని ఈ వారంలోనే కనుక్కో. తీయనంటే ఇప్పుడే వేరే హాస్టల్ చూసుకో.

ఆదివారంలోగా రెజ్యూమె పంపు. ఎర్ర పెన్నుతో దిద్ది ఫోటో తీసి పెడతా.

మీ మామ