సీనియర్ ఉపాధ్యాయులు శిక్షణ తరువాత కూడా పాత పద్ధతికే మళ్లిపోతుంటే ఏం చేయాలి?

విజయవాడలో ఒక ఉన్నత పాఠశాలకు ఈ ఏడాదే ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చానని, శిక్షణకు వెళ్లివచ్చిన సీనియర్ ఉపాధ్యాయులు వారం తిరగకుండానే పాత దారి పడుతున్నారని, విద్యా ప్రమాణాల (ప్రతి సబ్జెక్టులో పిల్లలకు రావలసిన సామర్థ్యాల) మాట ఎత్తితే "మరి సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అంటున్నారని మీరు రాశారు. గుంటూరు పరిసరాల పాఠశాలల్లో 26 ఏళ్లు గణితం బోధించి, అందులో నాలుగేళ్లు తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే బాధ్యత కూడా చూసినవాడిగా నా అనుభవం చెబుతాను.

మొదటి మాట ఏమిటంటే, వారి ప్రశ్నను సాకు అనుకోకండి. 1990లలో ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) శిక్షణల్లో కృత్యాధార బోధన, అంటే పిల్లలచేత పనులు చేయిస్తూ నేర్పడం గురించి విన్నవారు, ఆ తరువాత డీపీఈపీ అనే జిల్లా ప్రాథమిక విద్యా పథకాన్ని, 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని, 2011 రాష్ట్ర చట్రాన్ని, దాని వెంట వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని (ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని అంచనా వేసే పద్ధతిని), ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానాన్ని వరుసగా చూశారు. ప్రతిసారీ కొత్త పదాలు వచ్చాయి, కొత్త రిజిస్టర్లు వచ్చాయి. పీరియడ్ మాత్రం అదే నిడివిలో ఉండిపోయింది. కాబట్టి "ఇదీ నాలుగు రోజుల ముచ్చటే" అని వారనుకుంటే అందులో మొండితనం కన్నా అనుభవమే ఎక్కువ. ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలని 2020 విధానం చెబుతోంది. దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో వీడియోలు చూసి ఆ గంటలు నింపుకోవచ్చు, ధ్రువపత్రాలూ వస్తాయి (నా బీరువాలోనూ ఒక కట్ట ఉంది), కానీ వాటివల్ల తరగతి గది తనంతట తాను మారిపోవడం నేను చూడలేదు.

శిక్షకుడిగా మొదటి ఏడాది నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక పాఠశాలకు పరిశీలనకు వెళ్లి, నాకన్నా పదేళ్లు సీనియర్ అయిన ఒక మేడమ్ గారి పాఠం మధ్యలో లేచి, పిల్లల ఎదుటే "ఇలా కాదండీ, ప్రశ్నలు వేసి రాబట్టాలి" అన్నాను. ఆవిడ సుద్దముక్క బల్లమీద పెట్టి, "అయితే మీరే చెప్పండి సార్" అని వెనక బెంచీలో కూర్చున్నారు. నేను చెప్పిన పాఠం ఏమంత బాగా సాగలేదు. ఆ తరువాత రెండు నెలలపాటు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో (చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే చోట) ఆవిడ నాతో మాట్లాడలేదు, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

ఆ తరువాత నేనే వెళ్లి క్షమాపణ చెప్పుకొని, ఒక్క పాఠాన్ని ఇద్దరం కలిసి తయారు చేద్దామని అడిగాను. ఆరో తరగతి భిన్నాలు తీసుకున్నాం. 3/4, 5/8లలో ఏది పెద్దదని ఆవిడ అడగగానే ఒక అబ్బాయి 5/8 అన్నాడు. మామూలుగా అయితే "తప్పు, కూర్చో" అని పక్కవాడిని లేపేవారు, ఆ రోజు మేం ముందే అనుకున్న ప్రకారం "ఎందుకనుకున్నావు?" అని మాత్రమే అడిగారు. "నాలుగుకన్నా ఎనిమిది పెద్ద, మూడుకన్నా ఐదు పెద్ద" అన్నాడు వాడు. తరగతిలో సగంమంది తలలూపారు. అప్పుడు అందరిచేతా ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలను, ఒకదాన్ని నాలుగు భాగాలుగా, ఇంకొకదాన్ని ఎనిమిది భాగాలుగా మడిపించి, పక్కపక్కన పెట్టించారు. 3/4 అంటే 6/8 అని ఆ అబ్బాయే లెక్కపెట్టి చెప్పాడు. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. స్టాఫ్ రూమ్‌కు వచ్చాక ఆవిడ అన్న మాట: "ఇన్నేళ్లూ సగంమంది ఇలాగే అనుకుంటూ ఉండి ఉంటారు కదండీ." గణితానికి మన పుస్తకాల్లో ఇచ్చిన ఐదు విద్యా ప్రమాణాల్లో కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, ప్రాతినిధ్యపరచడం అనే మూడు ఆ పన్నెండు నిమిషాల్లోనే వచ్చాయని అప్పుడు చెబితే, అంతవరకు డైరీలో నింపే గడులుగా ఉన్న ఆ పదాలు ఆవిడకు పనికొచ్చే మాటలయ్యాయి.

అందువల్ల మీరు కూడా అందరినీ ఒకేసారి మార్చాలని చూడకుండా, స్టాఫ్ రూమ్‌లో మిగతావారు ఎవరి మాట వింటారో ఆ ఒక్కరితో మొదలుపెట్టండి. వారి తరగతిలో కూర్చున్నప్పుడు పరిశీలన రిజిస్టర్ తీసుకెళ్లవద్దు. వీలైతే ముందు మీ పాఠానికి వారిని పిలిచి, అందులో మీరు ఎక్కడ తడబడ్డారో వారినే చెప్పమనండి.

సిలబస్ భయం సగం ప్రశ్నపత్రం నుంచే వస్తుంది. బట్టీ ప్రశ్నలు ఇస్తూ ఆలోచింపజేసే బోధన చేయమంటే ఎవరూ వినరు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో చేసే అంచనాలో) భాగమైన స్లిప్ టెస్ట్ అనే చిన్న రాత పరీక్ష మీ పాఠశాల చేతిలో ఉన్నంతమేరకు, అందులో ఒక్క ప్రశ్నను "ఎందుకో రాయండి" అనే తరహాకు మార్చి, వచ్చిన జవాబులను ఆ సబ్జెక్టు టీచర్లంతా ఒక గంట కలిసి కూర్చుని చదివేలా చూడండి. ఆ గంట కోసం ఏదో ఒక రికార్డు పనిని వారి నెత్తిమీద నుంచి మీరు తీసేయవలసి ఉంటుంది. అది మాత్రం ప్రధానోపాధ్యాయులు తప్ప మరెవరూ చేయలేని పని.