ఆప్షన్లు చేత్తో మూసి చూడు

గుంటూరు, బ్రాడీపేట

చి. చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

కెమిస్ట్రీ చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటోంది, పరీక్షలో తడబడుతున్నానన్నావు. మళ్లీ చదివితే అది పోదమ్మా. విజయవాడలో మీ హాస్టల్ స్టడీ అవర్‌కి ముందు రోజూ ఇరవై నిమిషాలు పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది ప్రశ్నలు చెయ్యి. ఆప్షన్లు చేత్తో కప్పెయ్. నాలుగు జవాబులూ కళ్లముందుంటే గుర్తుపట్టేస్తాం, నిజంగా వచ్చో రాదో తేలదు.

ముందు మోల్ కాన్సెప్ట్, అంటే పదార్థాన్ని గ్రాముల్లో కాక అణువుల లెక్కలో కొలవడం. ఇది పట్టుబడకపోతే ద్రావణాలు, ఎలక్ట్రోకెమిస్ట్రీ ఏవీ నిలవవు. ఈ లెక్క చూడు: 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్ ఉన్నాయి. చర్య పూర్తిగా జరిగితే అమ్మోనియా ఎంత? 34 గ్రాములని రాశావంటే హైడ్రోజన్ వైపు చూడనే లేదన్నమాట. నైట్రోజన్ 1 మోల్, దానికి హైడ్రోజన్ 3 మోల్స్ కావాలి, అప్పుడే అమ్మోనియా 2 మోల్స్. ఉన్న హైడ్రోజన్ 1.5, సగమే. కాబట్టి అమ్మోనియా 1 మోల్, అంటే 17 గ్రాములే. నైట్రోజన్ 14 గ్రాములు మిగిలిపోతుంది. 17కి 14 కలిపితే 31, మొదట ఉన్నదీ 31. ఈ సరిచూసుకోవడం పది సెకన్ల పని, ఎప్పుడూ వదలకు.

250 మి.లీ. ద్రావణంలో 4.9 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఉంటే మొలారిటీ (లీటరుకు ఎన్ని మోల్స్) 0.2, నార్మాలిటీ (లీటరుకు ఆసిడ్ ఇవ్వగల ప్రోటాన్లు ఎన్ని మోల్స్) 0.4. ఒక అణువు రెండు ప్రోటాన్లు ఇస్తుందన్న సంగతి మరిచినవాళ్లు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లని వేసేముందు పీడనం చూడు. 273 కెల్విన్ దగ్గర 1 అట్మాస్ఫియర్‌కే అది, 1 బార్‌కి 22.7. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ గాఢత 10 పవర్ మైనస్ 8 మొలార్ అయితే పీహెచ్ 8 అని రాసేస్తారు. ఆసిడ్‌కి 7 దాటదు కదా! నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లనూ కలిపితే సుమారు 6.98.

తప్పుల నోట్‌బుక్‌లో సరైన జవాబు ఎత్తి రాయకు, కారణం రాయి: ఫార్ములా మరిచాను, యూనిట్ మార్చలేదు, ప్రశ్న సగమే చదివాను. ఊహించి పెట్టింది రైటయినా తప్పుల్లోనే వెయ్యి. మూడో రోజు, ఏడో రోజు అవే ప్రశ్నలు మళ్లీ చెయ్యి.

ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీ 40. వాటిని 35 నిమిషాల్లో ముగిస్తేనే మ్యాథ్స్‌కి ఊపిరాడుతుంది. నెగెటివ్ మార్కులు లేవు గనుక అక్కడ ఒక్కటీ ఖాళీగా వదలొద్దు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కులు కాదు, ఆ వారం ఏ కారణం ఎక్కువసార్లు పడిందో చెప్పు.

పెదనాన్న