ర్యాక్ అమ్మినాయన మాట నమ్మి ఫిక్సెడ్ ప్లేట్ బిగించాను, డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది రాజమండ్రి దగ్గర పల్లె. టేకు తలుపుల మీద డిజైన్లు చెక్కడం నా జీవనాధారం, సాయానికి ఒక కుర్రాడు ఉన్నాడు. 8 అడుగుల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్క చెక్కే మెషిన్) సొంతంగా తయారు చేసుకున్నాను. 20 నెలల క్రితం వేరే రాష్ట్రంలోని దుకాణం నుంచి రూ.68,000కు ర్యాకులు (పళ్ళున్న పొడవాటి పట్టీలు), 3 పినియన్లు (మోటారుకు తగిలించి ఆ పళ్ళ మీద నడిపే చిన్న పళ్ళ చక్రాలు), మోటార్ ప్లేట్లు (మోటారును బిగించే పలకలు) తెప్పించాను. స్ప్రింగ్ ప్లేటా, ఫిక్సెడ్ ప్లేటా అని ఫోన్లో అడిగితే ఫిక్సెడ్ చాలన్నాడు, మర్నాడు వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. రెండు నెలలకే ప్లే (వదులు) వచ్చి డిజైన్ పక్కకు పోతోంది, ర్యాక్ పళ్ళు అరిగాయి. ఒక పినియన్ బోరు (మధ్య రంధ్రం) లేత్ మీద పెద్దది చేయించినా లాభం లేదు. 24 తలుపుల ఆర్డర్ పోయింది, ఇంట్లో నగలు తాకట్టులో ఉన్నాయి. అడిగినప్పుడల్లా వచ్చే నెల చూద్దాం అంటాడు. ఫోన్ మాట్లాడినప్పుడు పక్కనే ఉన్నానని మా బావమరిది అఫిడవిట్ ఇస్తానంటున్నాడు, ఆ రోజు తను ఊళ్ళో లేడు. ఏం చేయాలి?

జవాబు: నగల గురించి, పోయిన ఆర్డర్ గురించి వివరంగా రాశారు. వాయిస్ మెసేజ్ సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. మీ కేసు అంతా ఆ ముక్కలోనే ఉంది.

తేలాల్సింది ఒక్కటే: ఫిక్సెడ్ ప్లేట్ ఎంచుకున్నది ఎవరు? మీరే చూసుకుని అది పంపమని అడిగి ఉంటే, అడిగిన వస్తువు ఇచ్చాను, నాకేం సంబంధం అంటాడు, కోర్టు కూడా ఒప్పుకోవచ్చు. అలా కాకుండా మీ మెషిన్ ఎలాంటిదో ముందే చెప్పి, ఆయన అనుభవం మీద ఆధారపడి, ఆయన చెప్పిందే కొని ఉంటే సంగతి వేరు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం ఆ వస్తువు ఆ పనికి పనికొచ్చేదై ఉండాలన్న షరతు దానంతట అదే పుడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టమైతే, అమ్మినవాడు ఏ విధంగా చెప్పినా సరే, చెప్పిన ప్రమాణం వస్తువులో లేకపోతే దాన్ని లోపమే అంటుంది. ఏ విధంగానైనా అంటే వాయిస్ మెసేజ్ కూడా వస్తుంది.

అవతలి లాయరు మొదట వేసే దెబ్బ ఇలా ఉంటుంది. స్ప్రింగ్ ప్లేట్లో మోటార్ కొద్దిగా కదులుతూ పినియన్ను ర్యాక్ మీదకు నొక్కి ఉంచుతుంది, కాబట్టి ర్యాక్ కాస్త వంకరగా ఉన్నా సర్దుకుంటుంది. ఫిక్సెడ్ ప్లేట్లో బోల్టు బిగించిన దూరమే ఖాయం, ర్యాక్ అర మిల్లీమీటరు దూరం జరిగిన చోట ప్లే, దగ్గరైన చోట ఒరిపిడి. అందుకని ‘మా ప్లేట్ బాగానే ఉంది, ఇంట్లో వెల్డింగ్ చేసిన ఫ్రేమ్ వంగింది’ అంటాడు. దానికి మీ దగ్గర జవాబు ఉందా? వాట్సాప్ తెరిచి చూడండి. వెల్డింగ్ ఫ్రేమ్ ఫొటో గానీ డ్రాయింగ్ గానీ ఆయన మెసేజ్ కంటే ముందే పంపి ఉంటే, ఫ్రేమ్ ఎలాంటిదో చూసే ఫిక్సెడ్ చాలన్నాడని తేలుతుంది. తర్వాత పంపి ఉంటే కేసు సగం బలం తగ్గిపోతుంది.

ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి, మెమరీ నిండిందని చాట్ తుడవకండి. స్క్రీన్‌షాట్లు కాగితం మీద ప్రింట్ తీసి పెడితే సరిపోదు, 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆడియో ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) కూడా రాయాలి.

బావమరిది అఫిడవిట్ మాట ఇక ఎత్తకండి. ఊళ్ళో లేని మనిషి పక్కనే ఉన్నానని ప్రమాణం చేస్తే, ఆ రోజు సెల్ టవర్ ఎక్కడ చూపించిందో అవతలివాళ్ళు అడిగిన క్షణంలో మీ నిజమైన సాక్ష్యం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణ కిందే లెక్క, అక్కడ తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. మీకు నిజమే చేతిలో ఉండగా బావమరిదిని జైలు గుమ్మం దాకా ఎందుకు తీసుకెళ్తారు?

ఇంకో మాట కటువుగానే చెప్తున్నా. ఆ పినియన్ బోరు ఎవరిని అడిగి పెద్దది చేయించారు? వస్తువు మార్చేశాడు కాబట్టి లోపం నాది కాదు అనే అవకాశం మీరే అమ్మినాయన చేతికిచ్చారు. మిగతా రెండింటిని ముట్టుకోకండి. లేత్ బిల్లు ఉంటే దాచండి, ఏ తేదీన చేయించారో దాచకుండా ఫిర్యాదులో రాయండి, ప్లే అంతకుముందే వచ్చిందని చూపే మెసేజ్‌లు వెతకండి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. సరుకు చేతికొచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టుకోండి, అంటే మీకు నాలుగు నెలలు మిగిలాయి. ఆయన వచ్చే నెల చూద్దాం అన్నందుకు గానీ, మీరు నోటీసు ఇచ్చినందుకు గానీ గడియారం ఆగదు. ఆలస్యం మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఈ వారమే స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ పెట్టించి నోటీసు పంపండి, 15 రోజుల్లో మనిషిని పంపి మెషిన్ చూసుకోమని అందులో రాయండి. రాకపోతే దగ్గర్లోని పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ వాళ్ళతో కొలతలు తీయించి, సంతకంతో రిపోర్ట్ తీసుకోండి. మోటార్ లాక్ చేసి, గాంట్రీని (మెషిన్ మీద ముందుకూ వెనక్కూ కదిలే అడ్డ ఫ్రేమును) చేత్తో కదిపితే డయల్ గేజ్ (చిన్న కదలికలు కొలిచే పరికరం) ముల్లు ఎంత తిరుగుతోందో తేదీ కనిపించేలా వీడియో తీయండి. ఆ తర్వాతే పాత ర్యాకులు, ప్లేట్లు విప్పి సీల్ చేసి దాచి, స్ప్రింగ్ ప్లేట్లు కొత్తవి వేసుకుని పని మొదలుపెట్టండి. ల్యాబ్ పరీక్ష అవసరమనుకుంటే కమిషనే పంపుతుంది.

ఫిర్యాదు మీ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఆ దుకాణం ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడు కాడు అని కూడా వాదిస్తారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నానని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు లేత్ మెషిన్ ఉదాహరణే తీసుకుని, ఒకరిద్దరు సాయమున్నా సొంతంగా నడుపుకునేవాడు వినియోగదారుడేనంది. బిల్లు జీఎస్‌టీ నంబరు మీద తీసుకుని క్రెడిట్ వాడుకున్నారేమో రాయలేదు. వాడుకుని ఉంటే అది వ్యాపార కొనుగోలే అంటారు, మీ లాయరుకు ముందే చెప్పండి.

రూ.68,000 అడగండి, లేత్ ఖర్చు, రిపోర్ట్ ఖర్చు కలపండి. 24 తలుపుల నష్టం మాత్రం ఆర్డర్ కాగితమో, అడ్వాన్స్ వచ్చిన బ్యాంకు ఎంట్రీయో, రద్దు చేసిన మెసేజో ఉంటేనే రాయండి.